గేమ్ చాట్‌లో ఇంగ్లీష్ స్పెల్లింగ్: ఆట చెడగొట్టే తప్పులు పట్టుకోవడం, దిద్దుకోవడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని ముంబై సర్వర్‌లో మ్యాచ్ పెడితే టీమ్‌లో ఒకరు కేరళ, ఒకరు పంజాబ్ పడతారు. మన "ఇంట్లో ఉన్నాడ్రా" వాళ్ళకి ఎక్కదు. మైక్ ఆన్ చేద్దామంటే అర్ధరాత్రి, పక్క గదిలో అమ్మానాన్నా నిద్రపోతున్నారు. ఇక మిగిలింది ఇంగ్లీష్‌లో టైప్ చేయడమే. "లూజ్‌కి ఒక ఓనా, రెండు ఓలా?" లాంటి ప్రశ్నలు అక్కడే పుడతాయి.

ఈ తప్పులు గాలివాటంగా పడేవి కావు. తెలుగులో ఎలా పలికితే అలా రాస్తాం. ఇంగ్లీష్‌లో ఒకే శబ్దానికి రెండు మూడు రాతలుంటాయి. మన చెవికి ఒకటిగా వినిపించి, ఇంగ్లీష్‌లో వేరువేరుగా రాసే మాటలు ఎక్కడున్నాయో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. గేమ్ చాట్‌లో పదే పదే వాడే మాటలు ఎన్నో లేవు కాబట్టి డిక్షనరీ అంతా బట్టీ పట్టే పని లేదు.

ఇక్కడ ఇంగ్లీష్ అక్షరాలను బడిలో చదివినట్టే రాశాం: ఎల్-ఓ-ఎస్-ఈ. ఒకే అక్షరం రెండుసార్లు వస్తే "డబుల్ ఓ" అన్నాం.

## 1. ముందు ఏది తప్పో, ఏది కాదో తేల్చుకోండి

అన్నీ దిద్దబోతే ఏదీ దిద్దలేరు. మీ తప్పుల్ని మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప: కాల్ (ఆట మధ్యలో టీమ్‌కి ఇచ్చే సమాచారం) అర్థాన్నే మార్చేసేవి. శత్రువు ఎక్కడున్నాడు, ఏం చేయాలి, ఎవరికి సాయం కావాలి అన్న చోట పడే తప్పులు. ముందు వీటి సంగతి చూడాలి.

రెండో కుప్ప: అర్థం తెలిసిపోతుంది, చూడ్డానికే బాగోదు. గ్రెనేడ్‌లో ఈ బదులు ఏ పడినా ఎవరూ చావరు. తీరిక దొరికినప్పుడు దిద్దుకోవచ్చు.

మూడో కుప్ప: అసలు తప్పులే కానివి. జీజీ (గుడ్ గేమ్), డబ్ల్యూపీ (వెల్ ప్లేడ్), ఎన్‌టీ (నైస్ ట్రై), ఏఎఫ్‌కే (కీబోర్డ్ దగ్గర లేను), బీఆర్‌బీ (ఇప్పుడే వస్తా), టీవై (థాంక్యూ), ప్లీజ్‌కి పీ-ఎల్-జెడ్, నూబ్ (ఆట రానివాడు), ఈజీకి ఈ-జెడ్ అన్నీ ఆటగాళ్ళ పొడి మాటలే. వీటిని ఎవరికైనా దిద్దబోతే మీరే నవ్వులపాలవుతారు.

ఒక్క ఎఫ్ఎఫ్ దగ్గర మాత్రం జాగ్రత్త. మన కుర్రాళ్ళకి అది ఫ్రీ ఫైర్ గేమ్. వాలొరెంట్‌లో, లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో ఎఫ్ఎఫ్ అంటే "ఓటమి ఒప్పేసుకుందాం". ముందు ఏటవాలు గీత పెట్టి కొడితే ఏకంగా సరెండర్ ఓటింగే మొదలవుతుంది.

ఆర్మర్, డిఫెన్స్, సెంటర్ లాంటివి కూడా మూడో కుప్పలోకే వస్తాయి. మన పాఠ్యపుస్తకాలది బ్రిటిష్ పద్ధతి, గేమ్ స్క్రీన్ మీద ఎక్కువగా కనిపించేది అమెరికన్ పద్ధతి. ఆర్మర్‌లో యూ ఉన్నా లేకపోయినా, డిఫెన్స్‌లో సీ ఉన్నా ఎస్ ఉన్నా సరైనదే.

## 2. కీబోర్డ్ సిద్ధం చేసుకోండి

మ్యాచ్ మొదలయ్యాక సెట్టింగ్స్ తెరవకూడదు. ఈ పని లాబీకి (మ్యాచ్ మొదలయ్యే ముందు ఎదురుచూసే చోటు) రాకముందే అయిపోవాలి.

ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడేవాళ్ళు:

- కీబోర్డ్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కరెక్షన్‌కి వెళ్ళి ఆటో కరెక్షన్ ఆపేయండి. కీబోర్డ్ పైన మాటలు చూపించే వరుసను మాత్రం ఉంచుకోండి.
- డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, ఇంగ్లీష్ వరుసగా తెరిచి ప్లస్ గుర్తు నొక్కండి. మీరు ఎప్పుడూ తప్పు కొట్టే మాటను సరైన స్పెల్లింగ్‌తో ఎక్కించి, షార్ట్‌కట్ గడిలో రెండక్షరాలు ఇవ్వండి. రివైవ్‌కి ఆర్-వీ, గ్రెనేడ్‌కి జీ-ఆర్ సరిపోతాయి. ఏ మాటలకు, ఎప్పుడు పెట్టుకోవాలో ఏడో భాగంలో చూడండి.
- ఆ రెండక్షరాలు కొట్టినప్పుడు పూర్తి మాట పైవరుసలో వస్తోందో లేదో వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పెట్టుకుని చూసుకోండి.

ఐఫోన్‌లో ఇదే పని సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో చేయాలి.

ఆటో కరెక్షన్ ఆపమనడానికి కారణముంది. మనం సగం తెలుగు, సగం ఇంగ్లీష్ కలిపి కొడతాం. ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టిన తెలుగు మాటను అది తనకు తెలిసిన ఏదో ఇంగ్లీష్ మాటగా మార్చేస్తుంది. అది చూసి వెనక్కి చెరిపేలోపు ఎదుటివాడు కాల్చేస్తాడు.

కంప్యూటర్‌లో గేమ్ చాట్ పెట్టెలకు చాలావరకు స్పెల్ చెక్ ఉండదు. ఆటగాళ్ళు వాడే చాట్ యాప్ డిస్కార్డ్‌కి ఉంది, పైగా పంపిన మెసేజ్‌ను దిద్దుకోవచ్చు: టైప్ చేసే గడి ఖాళీగా ఉన్నప్పుడు పైబాణం కీ నొక్కితే మీ చివరి మెసేజ్ తెరుచుకుంటుంది. గేమింగ్ కేఫ్‌లో ఆడుతుంటే మాత్రం అక్కడి కంప్యూటర్ సెట్టింగ్స్ కెలక్కండి, తర్వాత కూర్చునేవాడు తిట్టుకుంటాడు.

కీబోర్డ్ చాలాసార్లు పట్టలేని తప్పు ఒకటుంది. మీరు కొట్టింది తప్పు మాటే అయినా అది కూడా ఒక ఇంగ్లీష్ మాటైతే, ఎర్రగీత పడదు. తర్వాతి భాగం అంతా అలాంటి వాటి గురించే.

## 3. కాల్ మార్చేసే జంటలు

వెస్ట్, వెస్ట్. మనకున్నది ఒక్కటే వ. వీ, డబ్ల్యూ రెండూ మన నోట్లో ఒకటే. బీజీఎంఐలో (మన దేశపు పబ్‌జీ) ఇది కొంప ముంచుతుంది. ఒంటికి తొడిగే కవచం వీ-ఈ-ఎస్-టీ. పడమర దిక్కు డబ్ల్యూ-ఈ-ఎస్-టీ.

చివరి జోన్‌లో పడమటి ఇంట్లో ఇద్దరున్నారని చెప్పబోయి వీ కొట్టారనుకోండి:

"మామా, వెస్ట్ హౌస్!"
"ఏ లెవెలు రా?"

వాడు లెవెల్ త్రీ కవచం దొరికిందనుకుని ఆ ఇంట్లోకే దూరతాడు. దీనికి విరుగుడు స్పెల్లింగ్ ఒక్కటే కాదు. దిక్కు చెప్పాల్సి వస్తే స్క్రీన్ పైనున్న దిక్సూచి అంకె కొట్టండి. పడమర 270, తూర్పు 90, దక్షిణం 180. అంకెకు స్పెల్లింగ్ గొడవ లేదు.

డబ్ల్యూతో మొదలయ్యేవి: వాల్, విన్, వైప్, వెపన్, వెయిట్, వాటర్.
వీతో మొదలయ్యేవి: వెహికల్, వోట్, వాయిస్, వ్యూ.
మధ్యలో వీ వచ్చేవి: రివైవ్, సర్వర్, సర్వైవ్, లెవెల్, కవర్.

పెదాలతో గుర్తుపట్టొచ్చు. డబ్ల్యూ పలికేటప్పుడు పెదాలు ఈల వేస్తున్నట్టు గుండ్రంగా ముందుకొస్తాయి. వీ పలికేటప్పుడు పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి. పదిసార్లు అద్దం ముందు చేస్తే చేతికి కూడా అలవాటవుతుంది.

పీక్, పీక్. గోడ చాటు నుంచి తొంగి చూడడం పీ-డబుల్ ఈ-కే. కొండ శిఖరం పీ-ఈ-ఏ-కే. "తొంగి చూడకు" అనబోయి చాలామంది కొట్టేది శిఖరాన్నే. తొంగి చూడాలంటే రెండు కళ్ళు కావాలి, అందుకే రెండు ఈలు. ఏ ఉంటే ఇంద్రకీలాద్రి పైకి ఎక్కినట్టు.

సైట్, సైట్. గుంటూరులో సైటు అంటే ముందు గుర్తొచ్చేది స్థలం. అది ఎస్-ఐ-టీ-ఈ. వాలొరెంట్‌లో స్పైక్ (బాంబు) పెట్టే చోటు కూడా ఇదే మాట, ఏ సైట్, బీ సైట్. తుపాకీ మీద గురి చూసేది ఎస్-ఐ-జీ-హెచ్-టీ. మనవాళ్ళు కాలేజీ గేటు దగ్గర కొట్టే సైటు కూడా ఈ జీ-హెచ్ సైటే, చూపుతో పని కదా! కాలు మోపే చోటైతే ఈ, కంటి పనైతే జీ-హెచ్.

షాట్, షార్ట్. తొందరలో ఆర్ ఎగిరిపోతుంది. వాలొరెంట్‌లో బైండ్, హేవెన్ మ్యాప్‌లలో ఏ షార్ట్ అనే చోటుంది. కౌంటర్ స్ట్రైక్ డస్ట్ టూలోనూ షార్ట్ ఉంది. ఆర్ లేకుండా కొడితే ఎవరో కాల్చారని చదువుకుంటారు. చోటు పేరుకు ఎస్-హెచ్-ఓ-ఆర్-టీ.

హేవెన్, హెవెన్. హేవెన్ మ్యాప్ పేరు, హెచ్-ఏ-వీ-ఈ-ఎన్. హెవెన్ అంటే సైట్ పైన ఎత్తులో ఉండే చోటుకు ఆటగాళ్ళు పెట్టుకున్న పేరు, హెచ్-ఈ-ఏ-వీ-ఈ-ఎన్. పైన ఉన్నవాడికి ఒక అక్షరం ఎక్కువ.

లూజ్, లూజ్. అన్నిటికంటే ఎక్కువగా పడే తప్పు ఇది. ఓడిపోవడం ఎల్-ఓ-ఎస్-ఈ. వదులుగా ఉండడం ఎల్-డబుల్ ఓ-ఎస్-ఈ. తెలుగులో రెండింటినీ లూజ్ అనే అంటాం. ఇంగ్లీష్‌లో మాత్రం ఓడిపోవడానికి చివర జెడ్ శబ్దం, వదులుకి చివర స శబ్దం. మిర్చి యార్డు పక్కన లూజుగా అమ్మే కారాన్ని తలుచుకోండి: పొట్లం విప్పితే గింజలు ఒకటికి రెండు రాలతాయి, ఓలూ రెండే. ఓడిపోతే ఉన్నదాంట్లో ఒకటి పోతుంది, ఒక్క ఓ మిగులుతుంది.

హీల్, హీల్, హిల్. గాయం మానేది హెచ్-ఈ-ఏ-ఎల్, హెల్త్‌లో ఉన్న ఈ-ఏనే ఇక్కడా. చెప్పు మడమ హెచ్-డబుల్ ఈ-ఎల్. గుట్ట హెచ్-ఐ-డబుల్ ఎల్. "హిల్ మీ" అని కొడితే గుట్ట మీదకి రమ్మంటున్నారనుకుని టీమ్ అటు పరిగెడుతుంది.

క్విట్, క్వైట్, క్వయిట్. క్యూ-యూ-ఐ-టీ అంటే వెళ్ళిపోవడం. క్యూ-యూ-ఐ-ఈ-టీ అంటే చప్పుడు చేయకపోవడం. క్యూ-యూ-ఐ-టీ-ఈ అంటే "బాగానే". అడుగుల చప్పుడు వినాలి, అందరూ ఆగండని చెప్పబోయి ఈ మర్చిపోతే, గేమ్ వదిలి వెళ్ళిపొమ్మన్నట్టు ఉంటుంది. నిజంగానే వెళ్ళిపోయేవాళ్ళున్నారు. అనుమానం ఉంటే "స్టాప్" అని కొట్టేయండి.

ఇంకొన్ని గబగబా:

- బ్రేక్: విరామం, విరగ్గొట్టడం బీ-ఆర్-ఈ-ఏ-కే. బండి బ్రేకు బీ-ఆర్-ఏ-కే-ఈ.
- ఆలీ, ఆలై: సందు ఏ-డబుల్ ఎల్-ఈ-వై. మిత్రుడు ఏ-డబుల్ ఎల్-వై. చాలామంది మిత్రులైతే చివర ఐ-ఈ-ఎస్.
- డ్యూయల్: ఇద్దరి పోరు డీ-యూ-ఈ-ఎల్, డ్యూయలిస్ట్‌కీ ఇదే. జంట తుపాకులకు డీ-యూ-ఏ-ఎల్.
- రోల్: మీ పాత్రకు ఆర్-ఓ-ఎల్-ఈ. దొర్లడానికి, పాచిక వేయడానికి ఆర్-ఓ-డబుల్ ఎల్.
- బై: కొనడం బీ-యూ-వై. యూ లేకపోతే అది కొనుగోలు కాదు.
- రోగ్: దొంగ తరహా పాత్ర ఆర్-ఓ-జీ-యూ-ఈ. జీ, యూ తారుమారైతే బుగ్గలకు రాసే ఎర్ర రంగు అవుతుంది.

## 4. ద్విత్వం ఎప్పుడు

అమ్మ, అక్క అన్నప్పుడు ఆ ఒత్తు మనకు వినిపిస్తుంది. ఇంగ్లీష్‌లో డబుల్ అక్షరం అలా వినిపించదు. దాని ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికే ఎక్కువగా వస్తుంది. స్నైపింగ్‌కి రెండు పీలు కొడితే అది కత్తెరతో కత్తిరించే స్నిప్పింగ్ అయిపోతుంది.

ఐఎన్‌జీ తగిలించే ముందు మూలపదం చివర చూడండి:

1. చివర ఈ ఉంటే దాన్ని తీసేయండి, డబుల్ చేయకండి. స్నైప్, హైడ్, రైడ్, కమ్ అన్నీ ఇంతే. కమింగ్‌కి ఒక్కటే ఎమ్. చాట్‌లో రెండు ఎమ్‌ల కమింగ్ అడుగడుగునా కనిపిస్తుంది.
2. ఒకే అచ్చు, దాని తర్వాత ఒకే హల్లు ఉన్న చిన్న మాటైతే ఆ హల్లును డబుల్ చేయండి. రన్, విన్, హిట్, డ్రాప్, ప్లాన్, స్టాప్.
3. రెండు అచ్చులున్నా, చివర రెండు హల్లులున్నా అలాగే వదిలేయండి. షూట్, లూట్, క్యాంప్, ప్లాంట్.

చిన్న కిటుకు: ఆ మాటను తెలుగులో ఎలా రాస్తారో తలుచుకోండి. రన్నింగ్, విన్నింగ్, హిట్టింగ్‌లకు మన రాతలోనే ఒత్తుంది, ఇంగ్లీష్‌లోనూ డబులే. కమింగ్, హైడింగ్‌లకు లేదు, అక్కడా లేదు. ప్లానింగ్, డ్రాపింగ్ మాత్రం మోసం చేస్తాయి. మనం ఒత్తు లేకుండా రాసినా ఇంగ్లీష్‌లో రెండు ఎన్‌లు, రెండు పీలు ఉంటాయి.

ఐఎన్‌జీతో పనిలేకుండా డబుల్ ఉండేవి: అమ్మోలో ఎమ్, లాబీలో బీ, అపోనెంట్‌లో పీ మాత్రమే, సప్రెసర్‌లో పీ, మధ్య ఎస్ రెండూ. టీమ్మేట్‌కి రెండు ఎమ్‌లు, టీమ్‌ది ఒకటి, మేట్‌ది ఒకటి.

## 5. వినిపించని అక్షరాలు

నాక్‌కి ముందు కే ఉంది, నైఫ్‌కీ ఉంది. "నాక్ అయ్యాడు" అని రోజుకు వందసార్లు అంటాం, కే మాత్రం మర్చిపోతాం. వెపన్, హెల్త్, హెవెన్‌లలో ఈ తర్వాత ఏ దాక్కుని ఉంటుంది. వెహికల్‌లో వీ-ఈ తర్వాత హెచ్-ఐ, చివర సీ-ఎల్-ఈ. ఏ-ఎల్ కాదు.

రివైవ్‌ని రిసీవ్‌తో పోల్చుకుని మధ్యలో ఈ-ఐ దూర్చేస్తారు. అది ఆర్-ఈ, ఆ తర్వాత వీ-ఐ-వీ-ఈ, అంతే. స్క్వాడ్‌లో క్యూ వెంటే యూ, ఆ తర్వాతే ఏ. ఇంగ్లీష్ మాటల్లో క్యూ కొట్టగానే వేలు యూ మీదకి పోవాలి, ఈ ఒక్క అలవాటు చాలు.

దసరాకి దుర్గగుడి క్యూ చూశారుగా, ముందున్నది ఒక్కరు, వెనక బారులు. క్యూ స్పెల్లింగ్ కూడా అంతే. పలికేది మొదటి అక్షరం ఒక్కటే, వెనక యూ-ఈ-యూ-ఈ ఊరికే నిలబడి ఉంటాయి.

డెఫినిట్లీలో ఏ అనే అక్షరమే లేదు. డీ-ఈ తర్వాత ఫైనైట్ స్పెల్లింగ్, ఆఖర్న ఎల్-వై. ఏ దూర్చి అటూ ఇటూ చేస్తే కీబోర్డ్ దాన్ని డిఫయెంట్లీ చేస్తుంది, అంటే ధిక్కరిస్తూ అని. "నేను తప్పకుండా వస్తా" కాస్తా "నిన్ను ధిక్కరించి వస్తా" అవుతుంది.

## 6. యువర్, దాన్, దెన్

వీటిని గేమ్‌లో పట్టించుకోకండి. రెండు యువర్‌లకూ యూ-ఆర్ అని కొట్టేస్తే ఏ గొడవా లేదు. డిస్కార్డ్‌లో తీరిగ్గా రాసేటప్పుడు మాత్రం "యూ ఆర్" అని విడదీసి చదవండి. అర్థం కుదిరితే మధ్యలో అపాస్ట్రఫీ (పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెట్టి చివర ఆర్-ఈ రాయాలి, కుదరకపోతే వద్దు. పోల్చేటప్పుడు దాన్‌కి ఏ, తర్వాత అనే దెన్‌కి ఈ.

## 7. మీ తప్పుల జాబితా మీరే తయారు చేసుకోండి

పైవన్నీ మీరు చేసే తప్పులు కావు. ఎవరి తప్పులు వాళ్ళవి.

- మూడు రోజుల పాటు ప్రతి మ్యాచ్ తర్వాత చాట్ పైకి జరిపి మీ మెసేజ్‌లు మాత్రమే చూడండి. పైకి జరగని గేమ్ అయితే మ్యాచ్ ముగిసేలోపే స్క్రీన్‌షాట్ తీయండి.
- ఎవరైనా "వాట్?" అన్నా, ప్రశ్న గుర్తు పెట్టినా ఆ మెసేజ్ మొదటి కుప్పలోకి.
- నాలుగో రోజు అందులోంచి ఐదు మాటలే తీసుకోండి. పది తీసుకుంటే ఒక్కటీ నిలవదు.
- ఒక్కో మాటను లాబీలో ఎదురుచూసే సమయంలో, కీబోర్డ్ సూచనలు చూడకుండా ఐదుసార్లు కొట్టండి. కళ్ళకంటే వేళ్ళకు గుర్తుండాలి.
- వారం తర్వాత ఆ ఐదింటిలో మళ్ళీ తప్పు పోయినవాటికి మాత్రమే కీబోర్డ్ షార్ట్‌కట్ పెట్టుకోండి.

షార్ట్‌కట్ ముందే పెట్టుకుంటే మాట ఎప్పటికీ రాదు. ఫోన్ మారిన రోజున మళ్ళీ మొదటికొస్తారు.

## 8. ఆట మధ్యలో తప్పు పడితే

కాల్ మారిపోయే తప్పైతేనే దిద్దండి. వాక్యం మొత్తం మళ్ళీ కొట్టొద్దు. నక్షత్రం గుర్తు పెట్టి సరైన మాట ఒక్కటీ కొడితే చాలు, ఆటగాళ్ళందరికీ ఆ గుర్తు తెలుసు. మిగతా తప్పుల్ని గాలికి వదిలేయండి.

అవతలివాడి తప్పును అస్సలు దిద్దొద్దు. ఓడిపోతున్న మ్యాచ్‌లో స్పెల్లింగ్ పాఠం చెప్పేవాణ్ణి మ్యూట్ చేస్తారు. ఆ తర్వాత మీరిచ్చే మంచి కాల్ కూడా వాళ్ళకి చేరదు.

అసలు టైప్ చేయాల్సిన అవసరం ఉందా అనేది కూడా చూసుకోండి. బీజీఎంఐ సెట్టింగ్స్‌లో క్విక్ చాట్ కింద మీకు కావాల్సిన రెడీమేడ్ మెసేజ్‌లు ఎంచుకోవచ్చు. వాలొరెంట్‌లో పింగ్ (టీమ్‌కి చోటు చూపించే గుర్తు) ఉంది, డోటా టూలో పింగ్‌తో పాటు చాట్ వీల్ (రెడీమేడ్ మాటలు ఎంచుకునే చక్రం) కూడా ఉంది. బీజీఎంఐ మ్యాప్‌లోని పోచింకి, జార్జోపోల్ లాంటి ఊరి పేర్ల స్పెల్లింగ్ కోసం తంటాలు పడేకంటే మ్యాప్ మీద మార్కర్ వేయడం మేలు.

ఎంటర్ కొట్టే ముందు ఏ చాట్‌లో ఉన్నారో చూసుకోండి. వాలొరెంట్‌లో మామూలు ఎంటర్ టీమ్‌కి, షిఫ్ట్‌తో కలిపి కొడితే అందరికీ. కౌంటర్ స్ట్రైక్‌లో యూ టీమ్‌కి, వై అందరికీ. స్పెల్లింగ్ అంతా కరెక్టుగా కొట్టి, మీ ప్లాన్‌ని శత్రువుకే పంపితే లాభమేముంది?

## 9. ఒక్క అక్షరం కూడా తప్పకూడని చోట్లు

మనుషులు సర్దుకుని చదువుకుంటారు, మెషీన్ సర్దుకోదు. మైన్‌క్రాఫ్ట్‌లో కమాండ్ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎర్ర అక్షరాల్లో తిప్పికొడుతుంది. గేమ్‌మోడ్ అంతా ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు. వస్తువు పేర్లలో ఖాళీ బదులు కింది గీత పెట్టాలి. సగం కొట్టి ట్యాబ్ కీ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, కాబట్టి పూర్తిగా కొట్టాలని పంతం పట్టొద్దు.

రిడీమ్ కోడ్‌లను చూసి టైప్ చేయకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి. సున్నా, ఓ ఒకేలా ఉంటాయి. ఒకటి, ఐ, చిన్న ఎల్ కూడా అంతే. పేస్ట్ చేశాక ముందూ వెనకా ఖాళీ చేరిందేమో చూసుకోండి.

ఇక మీ ఆట పేరు. వెపన్ మాస్టర్ అని పెట్టుకోవాలని ఉంటే ఏ ఉందో లేదో ఇంకోసారి చూసి అప్పుడు ఓకే నొక్కండి. బీజీఎంఐలో పేరు మార్చాలంటే రీనేమ్ కార్డ్ కావాలి. అది చేతిలో లేకపోతే ఆ తప్పు పేరు ప్రతి కిల్ ఫీడ్‌లోనూ (ఎవరు ఎవర్ని చంపారో చూపే వరుస) అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.